పాదం తప్పు కాదు

"క్లచ్ తొక్కండి," అంది సుప్రజ.

మిల్లు ఆవరణలో నిలిపిన కారు తలుపు పట్టుకుని సీఐ ఫణీంద్ర నిలబడ్డాడే గానీ లోపలికి ఎక్కలేదు. సీట్ల స్పాంజిలోంచి ఇంకా కాలువ బురద వాసన వస్తోంది.

"ఇస్త్రీ బట్టలండీ మేడమ్. అయినా మీరు తొక్కి చూశారు కదా, మళ్ళీ నాతో ఎందుకు?"

"నేను తొక్కితే నా మాట అవుతుంది. మీరు తొక్కితే సాక్ష్యం అవుతుంది. కూర్చోవద్దులెండి, కాలు పెడితే చాలు."

అతను విసుగ్గా బూటుకాలు లోపలికి చాపి ఎడమ పెడల్ నొక్కాడు. అది ఏ బలమూ లేకుండా నేలదాకా దిగిపోయింది. కాలు తీశాడు. పెడల్ మళ్ళీ పైకి లేవలేదు.

ఆ కారు మండపేటలో రైస్ మిల్లు నడుపుతున్న అప్పాజీ గారి ఇంటిది. నడిపేది మాత్రం ఆయన కోడలు దేవిశ్రీ ఒక్కతే. సామర్లకోట దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఆమె. రెండు వారాల కిందట, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్తూ, కాలువ గట్టు మలుపులో కారుతో సహా నీళ్ళలోకి పోయింది. బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న మనిషి చూసింది ఇదీ: కారు వచ్చి మలుపులో ఆగింది, కాసేపు అలాగే ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా కాలువలోకి దూకింది. ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే దేవిశ్రీ, తనతో పనిచేసే వినీలకి ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. "నా వల్ల కాదే వినీలా. అందరూ అన్నదే నిజం. ఇవాళ్టితో వదిలేస్తాను."

ఫణీంద్రకి ఆ రెండూ చాలాయి. ఆత్మహత్య అని తేల్చాడు. ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో రోజూ గొడవేనని వినీల చెప్పింది కూడా కలిపి, భర్త సత్యప్రసాదే ఆమెని చావుకి పురిగొల్పాడని కేసు రాశాడు. ఆ రోజు సత్యప్రసాద్ ఊళ్ళోనే లేడు, బియ్యం బేరం మీద రాయపూర్ వెళ్ళాడు. అయినా పురిగొల్పడానికి ఊళ్ళో ఉండక్కర్లేదుగా! ఇప్పుడతను రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు.

కొడుకుని విడిపించమని తల్లి మాణిక్యాంబ, భర్తకి చెప్పకుండా, బస్సెక్కి రాజమండ్రి వచ్చి సుప్రజ ఆఫీసు మెట్లెక్కింది. డిటెక్టివ్ అంటే ఆడమనిషి ఉంటుందని ఆవిడ అనుకోలేదు. కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది.

సుప్రజ ఒకప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్. బోల్తాపడిన బస్సులూ, నుజ్జయిన ఆటోలూ విప్పి చూసి రిపోర్టులు రాసిన మనిషి. ఒక స్కూలు బస్సు కేసులో బ్రేకు లేదని రాస్తే, ఉందని మార్చి రాయమని ఫోను వచ్చింది. మార్చలేక ఉద్యోగం వదిలేసింది. ఆనాడు ఆ ఫోను చేసింది అప్పుడు ఎస్సైగా ఉన్న ఈ ఫణీంద్రే. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు. ఇద్దరూ ఎత్తరు.

"నీళ్ళలో మునిగిన బండండీ ఇది. మునిగాక ఏదైనా పాడవుతుంది," అన్నాడు ఫణీంద్ర.

"బ్రేక్ తొక్కండి."

తొక్కాడు. పెడల్ కాస్త దిగి, రాయిలా ఆగింది.

"ఇదీ మునిగిందే కదా," అంది సుప్రజ. "ఇలా రండి."

బానెట్ ఎత్తి ప్లాస్టిక్ డబ్బా చూపించింది. "ఈ బండిలో క్లచ్‌ని నడిపేది వైరు కాదు, ఆయిలు. బ్రేక్‌కీ క్లచ్‌కీ ఈ డబ్బాలోంచే పోతుంది. బ్రేకు గొట్టం అడుగున ఉంటుంది, క్లచ్ గొట్టం పైన. క్లచ్ ఆయిలంతా కారిపోయినా బ్రేకు బతకాలని అలా పెట్టారు. ఇప్పుడు ఆయిలు ఎక్కడ ఉంది?"

ఫణీంద్ర వంగి చూశాడు. ఆయిలు సరిగ్గా పై గొట్టం మూతి దగ్గరికి దిగి ఆగిపోయింది.

"అంటే కారిపోయింది క్లచ్ వైపు ఆయిలు ఒక్కటే. కాలువ నీళ్ళు అలా ఏరి ఏరి పాడు చెయ్యవు. ఎక్కణ్ణించి కారిందో చూడండి." గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న సిలిండర్ మీదికి టార్చి వేసింది. దాని మీద పొట్టి నిపుల్ ఒకటి ఉంది. ఆయిల్లో గాలి చేరితే తియ్యడానికి మెకానిక్కులు విప్పేది అది. సుప్రజ రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పింది. తిరిగింది. "స్పానర్‌తో తప్ప కదలకూడనిది, వేళ్ళకి తిరుగుతోంది."

"క్రేన్‌తో పైకి లాగినప్పుడు వదులై ఉంటుంది."

"క్రేను ఈ నిపుల్ మీది రబ్బరు మూత ఊడదీసి పక్కకి తప్పించదు. ఈ నట్టంతా తుప్పు, అంచులు మాత్రం మెరుస్తున్నాయి. స్పానర్ పట్టిన మెరుపు, అదీ ఒకసారి పట్టింది కాదు." సుప్రజ టార్చి ఆర్పింది. "దీన్ని కాస్త వదులు చేస్తే బండి ఇంటిదగ్గర మామూలుగానే బయల్దేరుతుంది. తొక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం ఆయిలు కారుతుంది, గాలి చేరుతుంది. కొంత దూరం పోయాక గేరు మారదు. కరకరమంటుంది. బ్రేకు వేస్తే ఇంజను ఆగిపోతుంది. మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బ్రేకు చూశాడు, స్టీరింగు చూశాడు, బాగున్నాయని రాశాడు. క్లచ్ తొక్కి చూడలేదు."

ఫణీంద్ర దవడ బిగించాడు. మిల్లు వరండా స్తంభం పక్కన నిలబడి మాణిక్యాంబ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"సరే, క్లచ్ పోయిందనే అనుకుందాం," అన్నాడతను. "పోతే బండి ఆగిపోవాలి. ఆగింది కూడా. ఆగిన బండి దానంతటది కాలువలోకి దూకుతుందా? ఎవరో ఒకరు నడపాలి కదండీ!"

సుప్రజ జేబులోంచి తన పాత కారు తాళం తీసి అతని చేతిలో పెట్టింది. ఆ కారు ఊక కుప్పకి ఎదురుగా నిలిపి ఉంది. అక్కడ నిలిపిందే ఇందుకు.

"ఎక్కండి. ఇందులో బురద లేదు. మొదటి గేరులో ఉంది. క్లచ్ ముట్టుకోకండి. ఆక్సిలరేటర్ మీద కాస్త కాలు ఆనించి స్టార్ట్ చెయ్యండి."

"ఏంటీ తమాషా?"

"చెయ్యండి సీఐ గారూ."

అతను ఎక్కి తాళం తిప్పాడు. కారు ఒక్క కుదుపు కుదిపి, ఇంజను అందుకుని, ముందుకి దూకింది. మాణిక్యాంబ కెవ్వుమంది. ఫణీంద్ర బ్రేకు వెతుక్కునేలోపే బండి ముక్కు ఊక కుప్పలో దిగబడింది. టోపీ జారి ఒళ్ళో పడింది. కిందికి దిగి, బట్టలమీది ఊక దులుపుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

"ఏమవుతుందో తెలిసి ఎక్కారు మీరు," అంది సుప్రజ. "ఆమెకి తెలీదు. మలుపులో గేదెలు అడ్డొచ్చాయి, బ్రేకు వేసింది, ఇంజను ఆగిపోయింది. బండి ముక్కు కాలువ వైపు ఉంది. మొదటి గేరు వేసింది. మీ పంచనామాలోనూ అదే ఉంది. క్లచ్ తొక్కింది. ఈ కాలపు బండి కదా, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవుతుంది. పెడల్ కిందికి దిగిందా లేదా అన్నదే బండి చూస్తుంది గానీ, లోపల క్లచ్ విడిందా లేదా అన్నది దానికి తెలీదు. బటన్ నొక్కింది. అంతే."

"మరి ఆ మెసేజ్?"

"ఆమె వదిలేస్తానంది ప్రాణం కాదు. డ్రైవింగ్."

ఫణీంద్ర ఒంటిమీది ఊక ఇప్పుడు దులుపుకున్నాడు. ప్రెస్ మీట్ పెట్టి చెప్పిన కేసు. ఫోటోలు పడ్డాయి. సుప్రజకి ఆ లెక్క తెలుసు. స్కూలు బస్సు రోజున ఫోనులో విన్నదీ అదే.

"ఇదంతా రిపోర్టులో రాసి తగలెట్టేద్దామనుకుంటున్నారు కదండీ నన్ను," అన్నాడు చివరికి.

"మీ గురించి రాసే తీరిక నాకు లేదు. ఆ నిపుల్ విప్పింది ఎవరో కావాలి నాకు."

మాణిక్యాంబ దగ్గరికొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "అయితే మా వాడు వచ్చేస్తాడా అమ్మా? వాడి తప్పేం లేదనేగా?"

"ఆత్మహత్య కాదు కాబట్టి ఆ కేసు నిలవదండి," అంది సుప్రజ. ఆవిడ చేతులు జోడించబోతే పట్టుకుని ఆపింది. చేతులు జోడించాల్సినంత మంచి మాట ఇంకా చెప్పలేదు తను. "కారు ఎప్పుడూ ఎక్కడ పెట్టేవారు?"

"ఇదిగో, ఈ షెడ్డులోనేనండి."

రేకుల షెడ్డు. నేలకి ఎర్ర రంగు వేసి ఉంది. కారు ముందు చక్రాలు నిలిచేచోట రెండు ఖాళీ గోనెసంచులు పరిచి ఉన్నాయి. సుప్రజ వాటిని కాలితో పక్కకి నెట్టింది. అక్కడ ఎర్ర రంగు ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయి, కింద సిమెంటు బయటపడింది. అరచేతి వెడల్పున పెద్ద మచ్చ ఒకటి. దాని చుట్టూ పాతవి, చిన్నవి మూడు. కడిగి కడిగి అంచులు తెల్లబడ్డాయి.

"నీళ్ళు పడితే రంగు ఇలా లేవదు, ఇంజన్ ఆయిలు పడినా లేవదు," అంది ఫణీంద్రతో. "బ్రేక్ ఆయిలే తినేస్తుంది. ఆ రోజు పొద్దున్న ఒక్కసారి కాదు సీఐ గారూ. అంతకుముందు మూడుసార్లు. ఎవరో విప్పడం, ఆమె రోడ్డు మీద నవ్వులపాలు కావడం, ఇంటికి రాగానే బిగించి ఆయిలు నింపెయ్యడం. పొద్దున్నకల్లా బండి శుభ్రంగా ఉంటుంది. తప్పు ఎవరిది? ఆమె పాదానిది."

ఆ మాట తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ట్రైనింగులో తను స్టీరింగు పట్టుకున్న మొదటి రోజు వెనకసీట్లో వినబడిన నవ్వులు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి. కానీ తన బండిని రాత్రికి రాత్రి ఎవరూ పాడు చెయ్యలేదు. తను నేర్చుకోగలిగింది. దేవిశ్రీ ఎంత నేర్చుకున్నా, ఆ నేర్పుని పనికిరాకుండా చేసే చెయ్యి ఈ ఇంట్లోనే ఉంది.

"ఎవరు పిలిచారు వీళ్ళని?"

అప్పాజీ గారు ఇంట్లోంచి వస్తున్నారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పెద్ద గొంతు. భార్య మొహం చూడగానే జవాబు తెలిసిపోయింది ఆయనకి. "నువ్వా? కొడుకు జైల్లో ఉంటే ఇంటి పరువు బజార్లో పెట్టొచ్చావా?"

"కూర్చోండి అప్పాజీ గారూ, రెండు ముక్కలు అడగాలి," అంది సుప్రజ.

"నిలబడే చెప్తాను. అడగండి."

"మీ కోడలు డ్రైవింగు ఎలా ఉండేదండీ?"

ఆయన చప్పరించారు. "రాదమ్మా. ఊరంతటికీ తెలుసు. సెంటర్లో బండి ఆపేస్తే వెనక లారీలవాళ్ళు తిట్టిన తిట్లు నా చెవులతో విన్నాను. గేరు వేస్తే కరకరా. కాలు సరిగ్గా పడదు. ఎందుకమ్మా నీకీ అవస్థ, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండు అంటే వినదు. పోనీలే పాపం అని నేనే చెప్పాను, ఆగిపోతే కంగారుపడకు, ఆక్సిలరేటర్ కాస్త ఇచ్చి స్టార్ట్ చెయ్యి అని."

ఫణీంద్ర చటుక్కున తలెత్తాడు. ఊక కుప్పలో దిగబడిన కారు వైపు చూశాడు. ఆ సలహా ఏం చేస్తుందో ఇప్పుడే అతని ఒంటికి తెలిసింది.

"బండి బాగానే ఉందని మీకెలా తెలుసు?" అడిగింది సుప్రజ.

"రెండుసార్లు మెకానిక్కుకి చూపించాం. ఏ లోపమూ లేదన్నాడు."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనే. దగ్గరుండి చూపించాను."

"రావులపాలెంలో జీవరాజు దగ్గరికి. మండపేటలో ఇంతమంది మెకానిక్కులుండగా అంతదూరం! నిన్న మాట్లాడాను అతనితో. లోపం లేదని చెప్పాడు, నిజమే. ఇంకో మాట కూడా చెప్పానన్నాడు మీకు. నాలుగేళ్ళ బండిలో నల్లబడి ఉండాల్సిన బ్రేక్ ఆయిలు మంచినీళ్ళలా ఉంది, ఈ మధ్య ఎవరైనా పోశారా అని అడిగాడట. ఆ సంగతి మీ కోడలికి చెప్పారా?"

అప్పాజీ తువ్వాలు ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నారు.

"చెప్పి ఉంటే ఆ పిల్ల అనుమానించేది. ఒక్కరోజైనా తన కాలిని నమ్ముకునేది. చెప్పలేదు. మీ అబ్బాయి రాయపూర్లో ఉన్నాడు. ఆ పొద్దున్న ఇంట్లో ఉన్నది మీరూ, ఆవిడా. ఇంజన్ల మధ్య పుట్టి పెరిగారు మీరు. స్పానర్ పట్టింది మీరు."

"నోరు అదుపులో పెట్టుకో!"

"ఆ రోజు ఆమెకి ఇంటర్వ్యూ ఉంది," సుప్రజ ఆగలేదు. "పర్మినెంట్ చేస్తే ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఇస్తారు. వినీల చెప్పింది. అక్కడికి మారిపోతానని మొగుడితో చెప్పేసిందట. దారిలో బండి ఆగిపోతే టైముకి అందదు, పరువు పోయి ఇంటికొస్తుంది. అంతే కదా మీ లెక్క? కాలువ గట్టు మీ లెక్కలో లేదు."

"అప్పాజీ గారూ, ఇప్పుడు నేను అడుగుతున్నాను," అన్నాడు ఫణీంద్ర. గొంతు మారింది. "కొడుకు జైల్లో కూర్చుంటే మీరు తెలిసే ఊరుకున్నారా?"

పెద్దాయన మొహంలో నెత్తురు దిగిపోయింది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన గొంతులో ఇందాకటి జోరు లేదు, కోపం మాత్రం ఉంది. అదీ వీళ్ళమీద కాదు.

"నా ఒక్కడి మీద రుద్దకండి. నేనెరిగినవి మిల్లు డీజిల్ ఇంజన్లు. ఈ కొత్త కార్లలో ఏ నట్టు ఎక్కడుంటుందో నాకేం తెలుసండీ?"

"అయితే ఎవరికి తెలుసు?"

"మూడుసార్లూ వాడే చేశాడు. మా సత్యప్రసాద్. పావు చుట్టు వదిలేవాడు. ఊళ్ళోనే నాలుగుసార్లు ఆగి, ఏడ్చుకుంటూ వెనక్కొచ్చేసేది. నేను మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి, అంతే. ఆ రోజు వాడు లేడు. తెల్లారకుండా రాయపూర్నించి ఫోను చేశాడు, ఇవాళ గాని వెళ్ళిందా ఇక మన చేతికి రాదు నాన్నా అని. వీడియోలో చూపించమన్నాడు. అదిగో అది, దాన్ని తిప్పు అన్నాడు. చీకట్లో చెయ్యి పట్టు దొరక్క అర చుట్టు తిరిగిపోయి, ఆయిలు మొత్తం కారిపోయిందేమో... నేనేం చంపాలనుకున్నానా!"

ఫణీంద్ర రెండడుగులు అవతలికి వెళ్ళి కానిస్టేబుల్‌కి ఫోను చేసి జీపు రమ్మన్నాడు. జైల్లో ఉన్న మనిషి నోరెత్తకుండా ఎందుకు కూర్చున్నాడో సుప్రజకి ఇప్పుడు అర్థమైంది. పురిగొల్పాడన్న కేసు అతనికి శిక్ష కాదు, చాటు. ఆ చాటుని తీసెయ్యమని బస్సెక్కి వచ్చింది అతని తల్లి. సుప్రజ ఆవిడ వైపు తిరగడానికి సిగ్గుపడింది. అయినా తిరిగింది.

మాణిక్యాంబ ఏడవడం లేదు. తన రెండు చేతులూ ఎదురుగా పట్టుకుని, వాటికి ఏదో అంటినట్టు చూసుకుంటోంది.

"ఫోను పట్టుకుంది నేనేనండి," అంది.

"మాణిక్యం! లోపలికి పో!" అరిచారు అప్పాజీ.

ఆవిడ కదల్లేదు. "నాకు కనపడట్లేదమ్మా, ఇంకాస్త కిందికి పట్టుకో అన్నాడండి మా వాడు. నడుం నొప్పి పెడుతున్నా వంగి అలాగే పట్టుకున్నాను. ఇంతకాలానికి పెళ్ళాం బండి బాగుచేయించాలని బుద్ధి పుట్టింది వీడికి అనుకున్నాను."

"ఈ మాట కోర్టులో చెప్పాల్సొస్తుందమ్మా," అన్నాడు ఫణీంద్ర, మొదటిసారి నెమ్మదిగా. "కొడుకు మీదా, భర్త మీదా."

ఆవిడకి ఆ మాట వినబడిందో లేదో తెలియలేదు. సుప్రజ మొహంలోకే చూస్తోంది.

"బండెక్కేటప్పుడు అడిగిందండి ఆ పిల్ల. ఇవాళైనా ఆగకుండా వెళ్తుందా అత్తయ్యా అని. భయపడకమ్మా, మావయ్య పొద్దున్నే లేచి దగ్గరుండి చూశారు, ఇవాళ ఆగదు అని నేనే చెప్పి పంపించాను."